రమణమ్మ మంచానికి వంచిన పైపులు

మా రాజోలు చుట్టుపక్కల నుంచి గల్ఫ్ వెళ్ళే కుర్రాళ్ళు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి, "బాబాయ్, ఫ్యాబ్రికేషన్ పనిలో ముందు ఏం నేర్చుకోవాలండి?" అని అడుగుతుంటారు. వెల్డింగ్ అని చెబుతాననుకుంటారు. పైపు వంచడం నేర్చుకోండి అంటాను. మొహమొహాలు చూసుకుని, టీ తాగి వెళ్ళిపోతారు. బటన్ నొక్కితే యంత్రమే వంచేస్తోంది కదా, ఈ ముసలాయన ఏ కాలంలో ఉన్నాడు అనుకుంటారు కాబోలు. అందుకే ఇలా రాసి పెడుతున్నాను. ఓపికున్నవాళ్ళు చదువుకుంటారు.

కువైట్‌లో ఉన్నన్నాళ్ళూ నేను చేసింది బండ్ల పని. సామాను పెట్టుకునే క్యారియర్లు, వెనక టార్పాలిన్ కప్పుకునే ఫ్రేములు, ఎడారిలో బోల్తా పడినా లోపలి మనిషి నలిగిపోకుండా కాచే పైపు పంజరాలు. చలికాలంలో అక్కడివాళ్ళు ఎడారిలో డేరాలు వేసుకుని కాలక్షేపం చేస్తారు. ఆ రోజులు వచ్చాయంటే మాకు ఊపిరి సలిపేది కాదు. వెనక తొట్టి ఉండే చిన్న ట్రక్కును అక్కడ వానెట్ అంటారు. దజీజ్ పేటలో మా గ్యారేజీ ముందు వానెట్లు పెళ్ళివారి బండ్లలా బారులు తీరి ఉండేవి.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. ఇది ఒంటరి పని. ముఖానికి అద్దం, చెవుల్లో దూది, పక్కన గ్రైండర్ మోత. పక్కవాడు నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియదు. రూముకు చేరేసరికి మాట్లాడే ఓపిక ఉండదు. ఏళ్ళు అలాగే గడిచిపోతాయి. ఇఖామా అనే నివాస పత్రం గురించీ జీతం గురించీ చెప్పడానికి చాలామంది ఉన్నారు. ఈ ఒంటరితనం గురించి చెప్పేవాళ్ళు లేరు.

ఉస్తాద్

మా ఫోర్‌మన్‌ను అందరం ఉస్తాద్ అనేవాళ్ళం. పాలస్తీనా మనిషి, పేరు అబూ సమీర్. ఉర్దూ కొంత, అరబ్బీ కొంత, చేతి సైగలు కొంత కలిపి మాతో మాట్లాడేవాడు. మెచ్చుకోవడం ఆయన నోట ఎన్నడూ వినలేదు. పని బాగుంటే ఏమీ అనకుండా వెళ్ళిపోయేవాడు. మేం దాన్నే మెచ్చుకోలుగా సరిపెట్టుకునేవాళ్ళం.

నేను చేరిన కొత్తలో ఒక వానెట్‌కు ఫ్రేము కట్టాను. నాలుగు మూలలా శుభ్రంగా వెల్డ్ చేసి, గ్రైండ్ చేసి, రంగు వేసి నిలబెట్టాను. అతుకు ఎక్కడుందో కనిపెట్టమంటే నాకే కష్టం. ఉస్తాద్ వచ్చి చుట్టూ తిరిగి చూశాడు. "బోల్టులేవి?" అన్నాడు. వెల్డ్ గట్టిది కదా ఉస్తాద్ అన్నాను. ఆయన హ్యాక్‌సా తెచ్చి నా చేతిలో పెట్టి, "కోసేయ్" అన్నాడు. మూలలన్నీ కోసి, ప్లేట్లు పెట్టి, బోల్టులు వేసేదాకా వదలలేదు.

ఆయనకు వెల్డ్ మీద నమ్మకం లేదనుకున్నాను. అది చాదస్తమని మా బ్యాచ్ అంతా వెనక నవ్వుకునేవాళ్ళం. బండికి బిగించింది ఏదైనా చేత్తో విప్పేలా ఉండాలని ఆయన పట్టుదల. ఎందుకని అడిగితే, "బండి నీది కాదు" అనేవాడు. అంతకుమించి చెప్పేవాడు కాదు.

నేను చూసిన బాసుల్లో అరిచేవాళ్ళు ఉన్నారు, పొగిడి పని చేయించుకునేవాళ్ళు ఉన్నారు. కోయించి మళ్ళీ చేయించేవాడు ఒక్కడే. అలాంటివాడు దొరికితే తిట్టుకోండి, ఫరవాలేదు. కానీ వదిలిపెట్టకండి.

తాళం

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్ మీద వచ్చి పడింది. మా కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, అప్పటికే పిల్లలతో వేసవి సెలవులకు విదేశం వెళ్ళి ఉన్నాడు. మా పాస్‌పోర్టులన్నీ ఆయన ఇంటి లాకర్లో. కొన్నాళ్ళు ఏం జరుగుతుందో తెలియలేదు. తర్వాత ఒక్కొక్కరూ ఎంబసీ ఇచ్చే తాత్కాలిక పత్రాలు సంపాదించుకుని, బస్సుల్లో బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ దారి పట్టారు. అక్కడి నుంచి బొంబాయికి విమానాలు వేస్తున్నారన్నారు.

నేను వెళ్ళలేదు. గ్యారేజీ తాళం నా దగ్గర ఉంది. కఫీల్ తిరిగి వచ్చి తాళం ఏదని అడిగితే ఏం చెప్పాలని నా బెంగ. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. దేశానికి దేశమే పోయింది, నేను షట్టర్ తాళం పట్టుకుని కూర్చున్నాను.

ఆ తాళమూ ఎన్నాళ్ళో కాయలేదు. సైనికులు లారీ వేసుకొచ్చి షట్టర్ విరగ్గొట్టారు. ఇటలీ నుంచి తెప్పించిన పైపు వంచే యంత్రాన్ని, కంప్రెసర్‌ను, మంచి పనిముట్లను ఎక్కించుకున్నారు. వెల్డింగ్ సెట్ పాతది కనుక వదిలేశారు. బరువైన సామాను నన్నే పట్టమన్నారు, పట్టాను. యంత్రం ఉన్న చోట నేల మీద నూనె మరక మిగిలింది.

ఆ తర్వాతి రోజులే నా జీవితంలో అన్నిటికన్నా ఒంటరి రోజులు. భయం ఉంది, కాదనను. కానీ భయం వస్తూ పోతూ ఉంటుంది. మనిషి లేకపోవడం అలా కాదు, పొద్దున లేవగానే ఉంటుంది. దజీజ్ మొత్తంలో నేను ఒక్కణ్ణే ఉన్నానేమో అనిపించేది. డబ్బాలో పప్పు, ఎండిన ఖుబ్జ్ రొట్టె తినేవాణ్ణి. పని లేకపోయినా గ్రైండర్ ఆన్ చేసి కాసేపు ఆ మోత వింటూ నిలబడేవాణ్ణి. ఉస్తాద్ మాత్రం తానుండే రిగ్గై నుంచి రెండు మూడు రోజులకొకసారి నడిచి వచ్చి, నన్ను చూసి, ఖాళీ చోటును చూసి, టీ తాగి వెళ్ళేవాడు.

రుమైథియా ఇల్లు

ఒకరోజు సత్యవతి గ్యారేజీకి వచ్చింది. మా పక్క ఊరి మనిషి. రుమైథియాలో ఒక పెద్ద ఇంట్లో వంట చేసేది. ఆ ఇంటి డ్రైవర్ యూసుఫ్, హైదరాబాద్ అతను, వానెట్‌లో తీసుకొచ్చాడు. ఆ ఇంటి యజమానులు కూడా సెలవులకు విదేశం వెళ్ళి అక్కడే చిక్కుపడిపోయారు. ఇల్లు పనివాళ్ళ మీద వదిలేశారు.

"తమ్ముడూ, మా రవణమ్మ మెట్ల మీంచి పడిపోయింది. తుంటి ఎముక ఇరిగిందంట. ఆస్పత్రోళ్ళు కట్టుకట్టి, కదపొద్దని పంపేశారు. ఆ ఆస్పత్రీ ఖాళీ అయిపోతోంది. బస్సోళ్ళని బతిమాలేను. కూచోలేని మనిషిని ఎక్కించుకోం అంటన్నారు. ఏం సేద్దారంటావు?"

"బండి నేను నడుపుత అన్నా," అన్నాడు యూసుఫ్. "పెట్రోలుకు ఫికర్ లేదు. గానీ ఆమెను ఎట్ల పండవెట్టాలె? తొట్ల ఏస్తే ఆ దెబ్బలకు సచ్చిపోతది. పైన ఎండ."

వాళ్ళతో వెళ్ళి చూశాను. రమణమ్మ రాయచోటి దగ్గరి మనిషి, ఆ ఇంట్లో పిల్లల్ని చూసుకునేది. కింద గదిలో పరుపు మీద పడుకుని ఉంది. ఆ ఇంటి మామా గది అది, యజమానురాలిని అక్కడ అలా పిలుస్తారు. మామా లేదు కనుక అక్కడ పడుకోబెట్టారు. నన్ను చూసి తల మీద కొంగు సర్దుకుంది. వచ్చినవాడు ఎవరో, ఎందుకొచ్చాడో తెలుసుకున్నాక అడిగింది ఒకే ఒక్కటి.

"అన్నా, వీళ్ళిద్దుర్నీ పొమ్మని నేనే చెప్పినా. వాళ్ళకూ పిల్లోళ్ళుండారు. చెప్పినానే గానీ, నాకు బయ్యంగా ఉంది. నన్ను ఈడ ఒక్కదాన్నే ఇడిసిపెట్టి పోవాకండి. నేను సచ్చిపోయినా యెవురికీ తెలీదు."

నేను మాట ఇచ్చేశాను. ఎలా చేస్తానో తెలియకుండానే ఇచ్చాను. ఆ గదిలో ఆమె పడుతున్న భయం ఎలాంటిదో నాకు అప్పటికే బాగా తెలుసు.

జాకీతో యంత్రం

చేయాల్సింది ఇది. వానెట్ తొట్టి మీద వంపు తిరిగిన పైపులు నిలిపి టార్పాలిన్ కప్పాలి. ఆ పైపుల నుంచి మంచం వేలాడాలి, కుదుపు ఎముకకు తగలకుండా. సూటి పైపులు ముక్కలు చేసి మూలల్లో అతికితే అన్ని అతుకులు ఆ దారికి తట్టుకోవు. వంచాల్సిందే. వంచే యంత్రం లేదు.

లారీలు లేపే సీసా జాకీ ఒకటి మూల పడి ఉంది. పాత లారీ ఛాసిస్ ముక్కలు కోసి చతురస్రంగా చట్రం కట్టాను. చట్రం లోపల ఒక పక్క జాకీ, దాని తల మీద గాడి ఉన్న చక్రం, ఎదురుగా రెండు చోట్ల ఆసరాలు. పైపును ఆసరాలకు ఆనించి జాకీ కొడితే, చక్రం మధ్యలో తోస్తుంది, పైపు వంగుతుంది. చెప్పడానికి ఇంతే.

చక్రం కోసం ఇళ్ళు కట్టేచోట తాడు లాగే కప్పీ తెచ్చాను. మొదటి పైపు వంగలేదు, నలిగింది. దాని గాడి తాడుకు సరిపడేది, అడుగున ఇరుకు, పైన వెడల్పు. పైపు పక్కలకు ఉబ్బడానికి చోటు దొరికింది. ఇది గుర్తుంచుకోండి. పక్కలకు ఉబ్బనివ్వకపోతే పైపు అణగదు. గాడి పైపును రెండు వైపులా గట్టిగా కౌగిలించుకోవాలి. మందపాటి రేకులో మూడు బిళ్ళలు కోసి, మధ్యది చిన్నది, అటూ ఇటూ పెద్దవి పెట్టి, లోపల పైపు గుండ్రానికి సరిపోయేలా గ్రైండ్ చేసి కొత్త చక్రం చేశాను.

రెండో పైపు చక్రం దగ్గర బాగానే వంగింది కానీ ఆసరాల దగ్గర సొట్టలు పడింది. నేను అక్కడ గట్టిగా ఇనుప రోలర్లు బిగించాను. అవి ఒక్క చోటే పొడుస్తున్నాయి. తల ప్రాణం తోకకొచ్చింది. ఉస్తాద్ ఆ రోజు వచ్చి, నలిగిన పైపులు చూసి, లావు పైపు ఒకటి తీసుకుని నిలువుగా చీల్చాడు. ఆ సగం దొన్నెలను రోలర్ల స్థానంలో మేకు మీద తిరిగేలా పెట్టమన్నాడు. పైపు వంగేకొద్దీ దొన్నె కూడా తిరిగి, దాన్ని ఒళ్ళో పెట్టుకున్నట్టు పట్టుకుంటుంది. సొట్టలు పోయాయి.

ఇంకా జాగ్రత్త కోసం పైపులో ఇసుక నింపి రెండు కొసలా చెక్క బిరడాలు కొట్టాం. ఇసుక పొడిగా ఉండాలి. చెమ్మ ఉంటే లోపలిదాకా జారదు, మధ్యలో డొల్ల మిగిలి అక్కడే నలుగుతుంది. అలాంటి పైపుకు మంట చూపిస్తే ఆవిరికి బిరడా తుపాకి గుండులా ఎగిరి వస్తుంది. కువైట్‌లో ఇసుకకు కరువేముంది అనుకుంటాం, ఉప్పుకు అది చెమ్మ పట్టి ఉంటుంది. సత్యవతి దాన్ని మామా బిర్యానీ గిన్నెలో పోసి దోరగా వేయించింది.

"ఈ గిన్నె ముట్టుకుంటే మామా కొట్టేసేది నన్ను. ఇప్పుడు చూడు, దీంట్లో ఇసకొండుతున్నాను," అని నవ్వింది. ఎన్నో రోజుల తర్వాత నేను విన్న నవ్వు అదే.

మరో రెండు మాటలు. పైపుకు నిలువునా ఒక అతుకు ఉంటుంది. అది వంపు బయటి వైపో లోపలి వైపో పడితే చీలుతుంది, పక్కకు పెట్టుకోండి. జాకీ వదలగానే పైపు కొంచెం వెనక్కి తెరుచుకుంటుంది. కావలసిన దానికన్నా కాస్త ఎక్కువ వంచండి. ఎంత ఎక్కువ అనేది ఏ పుస్తకమూ చెప్పదు, ఆ పైపునే అడగాలి.

చేత్తో విప్పే నట్టు

మంచం దగ్గర ఉస్తాద్‌తో నాకు పేచీ వచ్చింది. మంచం చట్రాన్ని పై వంపులకు వెల్డ్ చేసేద్దామని నేను. దారిలో నట్టు లూజయితే ఆమె కింద పడుతుందని నా భయం. ఆయన ఒప్పుకోలేదు. లారీ ట్యూబు పట్టీలతో వేలాడదీసి, పక్కలకు ఊగకుండా బోల్టులు వేసి, స్పానర్ లేకుండా చేత్తో తిప్పే చెవుల నట్లు పెట్టమన్నాడు. మంచానికున్న పొడవాటి పైపుల రెండు కొసలూ పైకి వంచి, మళ్ళీ సమానం చేయమన్నాడు.

"ఆ కొసలు ఎందుకు ఉస్తాద్?"

"భుజానికి."

"బండిలో వెళ్ళే మనిషికి భుజాలెందుకు?"

ఆయన చేతిలోని నట్టు తిప్పి చూసుకున్నాడు. తర్వాత చెప్పాడు. "మేం మా ఊరు వదిలినప్పుడు మా నాన్న లారీ తీసుకున్నాడు. ముసలి నాయనమ్మను అందులో ఎక్కించాడు. ఒకచోట లారీ ఆపేశారు. దిగి నడవమన్నారు. నాయనమ్మ నడవలేదు. బండిని ఎక్కడో ఒక చోట ఆపుతారు, సూరీ. ఎప్పుడూ ఆపుతారు. మనిషి ఆగిపోకూడదు."

నాయనమ్మ ఏమైందని నేను అడగలేదు. నట్లు ఆయన చెప్పినట్టే పెట్టాను.

బయలుదేరే రోజు పొద్దున ఉస్తాద్ రుమైథియాకు వచ్చాడు. రమణమ్మను మంచం మీదికి చేర్చాక, నాలుగు నట్లూ చేత్తో తిప్పి చూసి, టార్పాలిన్ తాళ్ళు లాగి చూశాడు. ఏమీ అనలేదు. నేను ఎంబసీ పత్రం జేబులో పెట్టుకుని తొట్టిలో ఆమె పక్కన కూర్చున్నాను. ఆయనకు ఉన్నది శరణార్థులకిచ్చే ప్రయాణ పత్రం, దాంతో ఏ దేశమూ లోపలికి రానివ్వదని నాకు తెలుసు. ఇంటి దగ్గర ఆయన భార్య ఉంది. "యల్లా, యల్లా," అని తొట్టి మీద చరిచాడు. యూసుఫ్ బండి కదిలించాడు. వీధి మలుపు తిరిగేదాకా ఆ ఖాళీ రోడ్డు మీద ఆయన ఒక్కడే కనిపిస్తున్నాడు. నాకు దుఃఖం ఆగలేదు. రమణమ్మ చూడకుండా మొహం పక్కకు తిప్పుకున్నాను.

సరిహద్దు

దారి గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఎండ, దుమ్ము, తనిఖీలు. గుంట వచ్చినప్పుడల్లా మంచం ట్యూబు పట్టీల మీద మెల్లగా లేచి పడేది, ఆమె పళ్ళు బిగించేది. నేను వంపుల మీద చెయ్యి వేసి, ఎక్కడైనా చీలుతోందా అని తడుముతూ కూర్చున్నాను. చీలలేదు.

జోర్డాన్ సరిహద్దు దగ్గర ఉస్తాద్ చెప్పినట్టే జరిగింది. ఆ రోజు బండ్లు దాటనివ్వడం లేదు. ఖలాస్, దిగి నడవండి అన్నారు. అటువైపు గుడారాల దాకా చాలా దూరం, మధ్యలో చెట్టూ చేమా లేదు. చుట్టూ ఎందరో బండ్లు వదిలి మూటలు నెత్తిన పెట్టుకుంటున్నారు. రమణమ్మ నా చెయ్యి పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది. తను అడగాల్సింది రుమైథియాలోనే అడిగేసింది.

నేను నట్లు తిప్పాను. చేత్తోనే వచ్చేశాయి. పట్టీలు తప్పించి మంచం బయటికి తీశాం. నేనూ యూసుఫ్ ముందు, వెనక నిజామాబాద్ వైపు మనుషులిద్దరు, పేర్లు కూడా అడగలేదు, తామే వచ్చి భుజం పెట్టారు. పైపు కొసలు భుజాల మీద సరిగ్గా కూర్చున్నాయి. సత్యవతి పక్కన నడుస్తూ ఆమె ముఖానికి కొంగు అడ్డం పట్టింది.

సగం దూరం వెళ్ళాక రమణమ్మ అడిగింది. "అన్నా, ఆ పెద్దాయన మనతో ఎందుకు రాల్యాదు?"

"ఆయనకి వెళ్ళే దేశం లేదమ్మా. ఎక్కడికెళ్ళినా రానివ్వరు."

"మా ఇంటికి రమ్మనుంటే అయిపోయేది గదన్నా. ఆయమ్మను గూడా తోడుకొని వస్తే ఇద్దురూ మా ఇంట్లోనే ఉందురు. మాకు ఒక రూము కాళీగానే ఉండాది."

పత్రాలు, వీసాలు, సరిహద్దులు అని నేను చెప్పబోయాను. పైపు కొస భుజం మీద సర్దుకుని నడిచాను. నిలబడలేని మనిషి, పరాయి భుజాల మీద వెళ్తున్న మనిషి, తన ఇల్లు ఇస్తానంటోంది.

రిగ్గై

విమానంలో ఆమెను మూడు సీట్ల మీద పడుకోబెట్టారు. నా అరబ్బీ స్పానర్ల అరబ్బీ. ఇంటికి రమ్మని పిలవడం నాకు రాదు. ఆమె ఏళ్ళ తరబడి ఆ ఇంటికి వచ్చే చుట్టాలకు తలుపు తీసిన మనిషి. మర్యాదగా ఎలా పిలవాలో, చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో ఆమె నేర్పింది. మళ్ళీ కువైట్ వెళ్తే ఆయనకు చెప్పమంది. బొంబాయి దాకా నాచేత వల్లె వేయించింది.

యుద్ధం అయ్యాక తర్వాతి సంవత్సరమే వెళ్ళాను. గ్యారేజీ కాలిపోయి ఉంది. అక్కడ ఆగకుండా రిగ్గైలోని ఉస్తాద్ ఇంటికి బయలుదేరాను. దారి పొడవునా ఆ మాటలు నాలో నేనే అనుకుంటూ నడిచాను. తఫద్దల్ ఉస్తాద్, అల్ బైత్ బైతక్. రండి ఉస్తాద్, ఇల్లు మీదే. మెట్లెక్కి, చొక్కా సర్దుకుని, ఆమె నేర్పినట్టు గుండె మీద చెయ్యి పెట్టుకుని తలుపు కొట్టాను.

ఎవరో కొత్తవాళ్ళు తీశారు. ఇరాక్ పక్షమన్న నింద పడి పాలస్తీనావాళ్ళు చాలామంది వెళ్ళిపోయారు, పంపేశారు, ఎక్కడికో తెలియదన్నారు. ఎవరు కావాలని అడిగారు.

గుండె మీద పెట్టుకున్న చెయ్యి తీయడం మర్చిపోయి, చాలాసేపు అలాగే నిలబడి ఉన్నాను.